చీనీతోట మలుపులో మొదటి పీరియడ్

సుంకలపల్లి హైస్కూల్లో పదో తరగతికి పొద్దున మొదటి పీరియడ్ ఇంగ్లీషు. జయంతి టీచర్ హాజరుపట్టీ తెరిచే వేళకు మగపిల్లల బల్లలు నిండి ఉండేవి, ఆడపిల్లల బల్లలు ఖాళీగా ఉండేవి. వాళ్లెక్కడున్నారని ఎవర్నీ అడగనక్కర్లేదు, కిటికీలోంచి చూస్తే చాలు. రోడ్డు మలుపులో ప్లాస్టిక్ బిందెలు బారులు తీరి కనిపించేవి. బిందెల పక్కన యూనిఫాంలో, పుస్తకాల సంచీలు భుజాన వేసుకుని పిల్లలు. పాపం, బడికని బయల్దేరిన వాళ్లే. ట్యాంకరు రాక అక్కడే ఆగిపోయేవాళ్లు.

అది రెండువేల రెండో సంవత్సరం. అనంతపురం జిల్లాకు కరువు కొత్తేమీ కాదు గాని, ఆ ఏడు మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటయింది. వేసిన శెనక్కాయ వేసినట్టే మాడిపోయింది. ఊళ్లో బోర్లన్నీ ఎండిపోయాయి. తాగునీటికని ప్రభుత్వం ట్యాంకరు పెట్టింది. తిప్పయ్య అనే డ్రైవరు కణేకల్ కాలువ పక్కనున్న బోరు దగ్గర నీళ్లు నింపుకుని వచ్చేవాడు. వచ్చినవాడు నేరుగా ఊళ్లోకి వస్తాడా అంటే, రాడు. మలుపు దగ్గర ఎడమకు తిరిగి ఎర్రన్న చీనీతోటకు, అదే బత్తాయి తోటకు, పోతాడు. రెండు ట్రిప్పులు చెట్లకు, మూడోది మనుషులకు. ఆ రెండో ట్రిప్పు తోటలోకి తిరిగే వేళకే బడి గంట కొట్టేసేవాళ్లు. ఊరి తాగునీళ్లు తోటకెలా పోతాయని అడిగే మొనగాడు ఊళ్లో లేడు. ఎందుకంటే ఎర్రన్నే సర్పంచు. ఊరంతా అలాగే అనుకునేది.

హెడ్మాస్టరు లక్ష్మీపతి చెడ్డవాడు కాదు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అనే రకం. మొదటి పీరియడ్ అవగానే హాజరుపట్టీ ఆయన బల్ల మీదికి పోవాలి. ఆ తర్వాత వచ్చినవాళ్లు ఆ రోజుకు రానట్టే లెక్క. జయంతి ఒకటి రెండుసార్లు రానివాళ్లకు కూడా వచ్చినట్టు వేసి చూసింది. ఆయన పట్టుకుని, కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఉద్యోగం చేసుకోవాలని లేదా అమ్మా అని నెమ్మదిగా అడిగాడు. నిజానికి ఆమెకే ఆ పని నచ్చలేదు. హాజరు దొంగగా వేయొచ్చు గాని ఇంగ్లీషు దొంగగా రాదు కదా. పోనీ ఇంగ్లీషును మధ్యాహ్నానికి మార్చమంటే, అప్పుడు పొద్దున లెక్కలు పోతాయి, లెక్కల మాస్టరు ఊరుకుంటాడా అన్నాడు ఆయన. అదీ నిజమే.

జయంతిది శింగనమల. వాళ్ల నాయన ఎద్దుల బండి తోలేవాడు. చిన్నప్పుడు ఆమె కూడా నీళ్ల దగ్గర ఆలస్యమై, తరగతి గుమ్మం బయట నిలబడి పాఠం విన్న పిల్లే. ఇద్దరన్నలు లోపల బెంచీ మీద కూర్చుని వినేవాళ్లు. లోపల కూర్చున్నవాళ్లు పది తప్పారు, బయట నిలబడ్డది డీఎస్సీ రాసి టీచరయింది. ఈ సంగతి చెప్పి తనే నవ్వేది గాని, ఆ గుమ్మం మీద కోపం మాత్రం పోలేదు. మొగుడు రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో కటింగ్ మాస్టరు. ఆమె పొద్దున్నే బస్సు పట్టుకోవాలని ఇంట్లో సంగటి కెలికేది అతనే. ఆ మాట వీధిలో ఎవరి చెవినా వేయొద్దని ఒట్టు కూడా పెట్టించుకున్నాడు.

ఖాళీ బల్లల్లో ఒకటి గంగాదేవిది. ఆ పిల్ల తండ్రి ఓబుళేసు గొర్రెలు మేపుతాడు. మిగతా పిల్లలు ఇంగ్లీషు మాట తప్పు పోతుందేమోనని నోరు తెరవరు. గంగాదేవి తప్పయినా సరే ఆపకుండా చెప్పి, ఆనక ఏది తప్పో అడిగి తెలుసుకునేది. డిసెంబరు వచ్చేసరికి ఆమె హాజరు పాతాళానికి పోయింది. ఇలాగే ఉంటే పబ్లిక్ పరీక్షకు పేరు పంపలేనని హెడ్మాస్టరు తేల్చేశాడు. పరీక్షే లేకపోతే బడెందుకు, రాయదుర్గంలో ప్యాంట్లకు దారాలు కత్తిరించే పనికి పంపుతానని ఓబుళేసు అన్నాడు. ఆ పని సంగతి జయంతి మొగుడి నోట రోజూ వినేదే. ఒకసారి ఆ గుడ్డదుమ్ములో కూర్చున్న పిల్ల మళ్లీ బడి మొహం చూడదు. గంగాదేవిని ఎలాగైనా పరీక్ష హాల్లో కూర్చోబెట్టాలని ఆ రోజే ఆమె గట్టిగా అనుకుంది.

అంతకు ముందు వేసవిలో అనంతపురంలో ఇంగ్లీషు టీచర్లకు శిక్షణ జరిగింది. అక్కడ చెప్పిన వాటిలో చాలావరకు ఆమె బస్సు దిగేలోపే మరిచిపోయింది గాని, ఒకటి మాత్రం పట్టుకుంది. పాఠంలో బొమ్మలు చూపించి, ఇందులో కుర్చీలో కూర్చున్నదెవరు, మోస్తున్నదెవరు అని పిల్లల చేతే అడిగించమన్నారు. సుంకలపల్లి పిల్లలకు బొమ్మలు చూపించే పనేముంది, కిటికీ ఉండనే ఉంది. శనివారం మధ్యాహ్నం ఇంకో ఇంగ్లీషు పీరియడ్ ఉండేది. దానికి ఆడపిల్లలు కూడా వచ్చేవాళ్లు. ఆ పీరియడ్‌లో ఆమె మగపిల్లల చేత ఇంగ్లీషులో మా నాయన గిన్నెలు తోముతాడు, మా అన్న నీళ్లు తెస్తాడు అని చెప్పించేది. చెప్పలేక నవ్వి నవ్వి చచ్చేవాళ్లు. ఎందుకు నవ్వొచ్చిందో కూడా ఇంగ్లీషులోనే చెప్పమనేది. అక్కడ నవ్వు ఆగిపోయేది.

ఒక శనివారం ఊరి గురించి ప్రశ్నలిచ్చి జవాబులు రాయమంది. అందులో ఒకటి, హూ ఈజ్ ద సర్పంచ్ ఆఫ్ యువర్ విలేజ్. తరగతి తరగతంతా ఎర్రన్న అని రాసింది. జయంతి అందరికీ తప్పు వేసింది. కుళ్లాయప్ప అనే పిల్లవాడు లేచి, ఎర్రన్న కాకపోతే ఇంకెవరు మేడమ్ అని పోట్లాటకొచ్చాడు. నిరుడు ఎన్నికల్లో మీ అమ్మానాయనలు ఏ పేరుకు ఓటేశారో గుర్తు చేసుకోండి అంది ఆమె. గంగాదేవి మెల్లగా వెంకటలక్ష్మమ్మ అంది.

నిజం అదే. ఆ ఎన్నికల్లో సర్పంచు పదవి ఆడవాళ్లకు కేటాయించారు. ఎర్రన్న తన పెళ్లాం వెంకటలక్ష్మమ్మ చేత నామినేషన్ వేయించాడు, గెలిపించాడు, ప్రమాణం చేయించాడు, ఆనక కుర్చీలో తను కూర్చున్నాడు. పేరు పెళ్లానిది, పెత్తనం మొగుడిది. ఊరికి అది వింతగా కూడా అనిపించలేదు. అంతెందుకు, పంద్రాగస్టు నాడు జయంతే ఎర్రన్నకు సర్పంచుగారూ అని నమస్కారం పెట్టింది.

అయితే సర్పంచునే కలిసి ప్రశ్నలడిగి వద్దామంది జయంతి. ప్రశ్నలు బోర్డు మీద అందరూ కలిసి తయారు చేశారు. మీ పేరేమిటి, మీ పనేమిటి, మీ పిల్లలేం చదివారు. మీ భర్త పేరేమిటి అనేది కూడా రాయమన్నాడు కుళ్లాయప్ప. గంగాదేవి ఒప్పుకోలేదు. ఎర్రన్న బడికి వచ్చినప్పుడు ఆయన్ను పెండ్లాం పేరు అడిగినామా అంది. పైగా మొగుడి పేరు ఆమె నోటితో చెప్పదు, ఏ ఇల్లాలూ చెప్పదు, ఊరికే ఇబ్బంది పెట్టడం దేనికంది. ఆ ప్రశ్న చెరిపేశారు. ఆఖరి ప్రశ్న కూడా గంగాదేవే చెప్పింది. ట్యాంకరు ఎప్పుడు ఎక్కడికి రావాలో నిర్ణయించేదెవరు? జయంతి చేతిలో సుద్దముక్క ఆగింది. వద్దంటే అక్కడితో పోయేది. ఆమె రాసింది.

సోమవారం సాయంత్రం బడి వదిలాక గంగాదేవినీ ఇంకో ఇద్దరు ఆడపిల్లలనీ వెంటబెట్టుకుని ఎర్రన్న ఇంటికి పోయింది. ఇల్లు మలుపు పక్కనే. వెంకటలక్ష్మమ్మ వాకిట్లో చేట ముందు పెట్టుకుని కొర్రలు చెరుగుతోంది. యాభై ఏళ్ల మనిషి, చేతులు మోటుగా, మొహం మెత్తగా ఉంటాయి. సర్పంచును చూడాలని వచ్చామంటే, తల కూడా ఎత్తకుండా జవాబు చెప్పింది.

"సర్పంచు ఇంట్లో లేడమ్మా, తోట కాడికి పోయినాడు."

"సర్పంచు మీరే కదమ్మా," అంది గంగాదేవి.

ఆమె చేట కింద పెట్టింది. ఆ మాట ఎన్నికయినప్పటి నుంచీ ఆమెతో ఎవరూ అనలేదు. నవ్వాలో, కసరాలో తెలియనట్టు పిల్లల వైపు చూసి, కూర్చోమని చాప వేసింది.

గంగాదేవి ముందు ఇంగ్లీషులో అడిగేది, తర్వాత తెలుగులో. వెంకటలక్ష్మమ్మ పేరు చెప్పింది. పనేమిటంటే, నాకేం పని, ఊరికే ఇంట్లో ఉంటానంది. ఊరికేనా అని పిల్లలు ఒక్కొక్కటే తవ్వేసరికి పాలు పిండడం, కూలీలకు వండడం, పేడ ఎత్తడం, కలుపు, శెనక్కాయ విత్తనం వలవడం, అన్నీ బయటికొచ్చాయి. గంగాదేవికి ఇంగ్లీషు మాటలు అయిపోయాయి గాని ఆమెకు పనులు అయిపోలేదు. తోటలో చీనీ చెట్లు తన చేత్తో నాటినవే అని చెప్పేటప్పుడు మాత్రం మొహం వెలిగింది. పిల్లలేం చదివారంటే, కొడుకు బళ్లారిలో ఇంజనీరింగ్ అంది. కూతురు? పేరు నందిని, పెండ్లి చేసినాము అంది. ఏం చదివిందని గంగాదేవి మళ్లీ అడిగింది. వెంకటలక్ష్మమ్మ చేటలో కొర్రల వైపు చూస్తూ ఉండిపోయింది. గంగాదేవి కాసేపు చూసి, నోటుపుస్తకంలో అక్కడ ఖాళీ వదిలి కింది ప్రశ్నకు పోయింది.

ట్యాంకరు సంగతి అడగగానే ఆమె జయంతి వైపు తిరిగింది. "ఎవరు చెప్పాల మేడమ్? రూలు ఎట్లుండాది?"

రూలు ప్రకారం సర్పంచే చెప్పాలని, ట్యాంకరు తిరిగిన ట్రిప్పులకు సంతకం చేసేది కూడా సర్పంచేనని జయంతి చెప్పింది. సంతకం చేస్తానమ్మా, ఆయన వేలు పెట్టి చూపిన కాడ చేస్తా అందామె. ఇంకేదో అనబోయింది. వాకిట్లో ఎర్రన్న మోటారు సైకిల్ ఆగింది. ఆమె చటుక్కున లేచి, పైట సర్దుకుని, గడప లోపలికి పోయింది.

ఎర్రన్న గొంతు పెంచే మనిషి కాదు. సంచిలోంచి చీనీకాయలు తీసి పిల్లలకు తలా ఒకటి ఇచ్చాడు. గంగాదేవి చేతిలో పెడుతూ, మీ నాయన గొర్రెలు ఇప్పుడు ఎవరి బీట్లో మేస్తాండాయి పాపా అని ప్రేమగా అడిగాడు. మీ బీట్లోనే అంది ఆ పిల్ల. ఆయన తల ఊపి, టీచరు వైపు తిరిగాడు.

"ఇంగ్లీషు చెప్పుకోండి మేడమ్, మంచిదే. ఊరి సంగతి ఊరోళ్లం చూసుకుంటాం. నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దోళ్లు ఊరికే అనల్యా."

జయంతి వెళ్లొస్తానని చెప్పి, పిల్లలను ముందు నడిపించుకుని రోడ్డెక్కింది.

తెల్లవారి హెడ్మాస్టరు పిలిచాడు. మడకశిర వైపు ఒక బడిలో ఇంగ్లీషు టీచరు లేరట, డిప్యుటేషన్ మీద పంపే మాట పైన నడుస్తోందట, ఎవరో ఫోన్ చేశారట. ఎవరో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. అది బెదిరింపని ఇద్దరికీ తెలుసు. ఆ మధ్యాహ్నానికే ఓబుళేసు గొర్రెలను ఎర్రన్న బీడు లోంచి తోలేశారు. గంగాదేవి ఆ రోజు మొదలు అసలు బడికే రాలేదు.

జయంతి ఓబుళేసును వెదుక్కుంటూ గుట్ట పక్కకు పోయింది. అతను ఎండు కంప కొట్టి గొర్రెల ముందు వేస్తున్నాడు. పిల్లను పంపమని ఆమె చాలాసేపు బతిమాలింది. అతను కోప్పడలేదు. అదే ఆమెకు కష్టంగా తోచింది.

"నీకేమి మేడమ్, సాయంత్రమయితే బస్సెక్కి పోతావు. నేను యాడికి పోవాల? ఈ నోరు లేని జీవాలను యాడ మేపుకోవాల?"

ఒక ప్రశ్న సుద్దముక్కతో బోర్డు మీద రాసి ఒకడి గొర్రెల నోటికాడ కూడు తీసేశానని జయంతికి తన మీద తనకే అసహ్యమేసింది. రాయదుర్గం బస్సులో కూర్చుని, రేపటి నుంచి పుస్తకం తెరిచి పుస్తకంలో ఉన్నది చెప్పి వచ్చేద్దామనుకుంది. ఇంటికి పోయి మొగుడితో అంతా చెప్పింది. అతను విని, భయమైతే మానుకో అన్నాడు. కాసేపాగి, పంపితే మడకశిరకే పోదాం, ఆడ జనం ప్యాంట్లు వేసుకోరా ఏమి అన్నాడు. ఆమె ఏడుస్తూ ఏడుస్తూ నవ్వింది.

మరునాడు బస్సు మలుపు తిరుగుతుంటే ఆమె గంగాదేవిని చూసింది. బిందెల వరసలో నిలబడి ఉంది. యూనిఫాం లేదు, సంచీ లేదు, బిందె ఉంది. బడి మాన్పించారు గాని నీళ్లు మాన్పించలేదు కదా. జయంతికి అప్పుడు తట్టింది. పిల్లలు తరగతికి రాలేకపోతే తరగతే పిల్లల దగ్గరికి పోవాలి.

ఆ పొద్దు గంట కొట్టగానే హాజరుపట్టీ చంకన పెట్టుకుని మగపిల్లలందరినీ లేవమంది. ఇద్దరి చేత చిన్న నల్లబోర్డు మోయించింది. వరండాలో హెడ్మాస్టరు ఎదురై, ఎక్కడికమ్మా అన్నాడు. మొదటి పీరియడ్‌కు సార్ అంది. పట్టీ బడి దాటకూడదని ఆయన గొణిగాడు గాని, అడ్డం మాత్రం రాలేదు.

బోర్డును రోడ్డు పక్క కంపకు ఆనించారు. ఆడపిల్లలను బిందెలు వదిలి ముందుకొచ్చి కూర్చోమంది. మరి మా వంతు పోతే అని వాళ్లు కంగారుపడ్డారు. మగపిల్లలు నిలబడతారు అంది. కుళ్లాయప్ప మొహం చూడాలి. పసుపు రంగు బిందెను తోక పట్టుకుని ఎలుకను ఎత్తినట్టు ఎత్తాడు. నీళ్లకొచ్చిన ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అరుగు మీద కూర్చున్న ముసలాయన, గాజులు కూడా వేసుకోండ్రా అని అరిచాడు. కుళ్లాయప్పకు రోషమొచ్చింది. ఆ రోషంతోనే బిందె తిన్నగా పట్టుకుని వరసలో నిలబడ్డాడు.

జయంతి హాజరు తీసింది. గంగాదేవి పేరు దగ్గర కావాలనే గట్టిగా పిలిచింది. వరసలోంచి ప్రెజెంట్ మేడమ్ అని వినబడింది. మాన్పించిన పిల్లకు హాజరు పడింది.

తర్వాత సంభాషణ. ట్యాంకరు కోసం ఎదురు చూసే జనం ఒకవైపు, సర్పంచు ఒకవైపు. జనంగా మగపిల్లలు బిందెలతో నిలబడ్డారు, సర్పంచుగా గంగాదేవి నిలబడింది. మేడమ్, ట్యాంకరు ఎందుకు ఆలస్యంగా వస్తోందని కుళ్లాయప్ప ఇంగ్లీషులో అడిగాడు. గంగాదేవి జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. అప్పుడే మోటారు సైకిల్ చప్పుడు వినిపించింది. ఎర్రన్న వచ్చి, బోర్డుకు కాస్త దూరంలో బండి ఆపి, దిగకుండా కాలు నేలకానించి చూస్తూ ఉన్నాడు.

కుళ్లాయప్ప మళ్లీ అడిగాడు. గంగాదేవి గొంతు పెగల్లేదు. నీళ్లకొచ్చిన ఆడవాళ్లు బిందెలు సర్దుకుంటూ తల వంచుకున్నారు. ఇప్పుడు ఈ పిల్ల మాట్లాడకపోతే ఇక ఎప్పటికీ మాట్లాడదని జయంతికి తెలుసు. మాట్లాడితే ఓబుళేసు ఏమైపోతాడో కూడా తెలుసు. చెప్పమనలేక, కూర్చోమనలేక నిలబడిపోయింది. తప్పయినా ఆపకుండా చెప్పే పిల్ల అలా నోరు పడిపోయి నిలబడడం ఆమె ఇంతకుముందు చూడలేదు.

మలుపు పక్క ఇంట్లోంచి వెంకటలక్ష్మమ్మ బయటికొచ్చింది. చంకలో ఇత్తడి బిందె ఉంది. ఎర్రన్న రోడ్డు మీద ఉంటే ఆమె గడప దాటదని ఊరందరికీ తెలుసు. ఆ ఇంటికి ట్యాంకరు నీళ్లు గుమ్మంలోకే వస్తాయని కూడా తెలుసు. ఆమె ఎవరి వైపూ చూడకుండా వచ్చి వరస చివర కుళ్లాయప్ప వెనకాల నిలబడింది. ఎర్రన్న మొహం మాడిపోయింది గాని, ఆడవాళ్ల ముందు పెళ్లాన్ని పిలవడం నామోషీ అనుకున్నాడేమో, ఊరకున్నాడు.

తిప్పయ్య ట్యాంకరు వచ్చింది. తోటకు రెండో ట్రిప్పు. వరసను దాటి, ఎప్పటిలాగే ఎడమకు తిప్పుతున్నాడు. వెంకటలక్ష్మమ్మ వరసలోంచి బయటికి నడిచి, తోట దావకు అడ్డంగా, ట్యాంకరు ముందు తన బిందె పెట్టింది. పెట్టి దాని పక్కన నిలబడింది. తిప్పయ్య బ్రేకు తొక్కాడు. బండి ఊగి ఆగింది, పైమూత లోంచి నీళ్లు చిందాయి. అందరూ ఆ చిందిన నీళ్ల వైపే చూశారు.

"బిందె తియ్," అన్నాడు ఎర్రన్న. "చెట్లు ఎండిపోతాండాయి. కండ్లు కనపడల్యా?"

"కనపడతాండాయి. నేను నాటిన చెట్లే."

తిప్పయ్య కిటికీలోంచి తల బయట పెట్టి ఒకసారి ఆయన్ను, ఒకసారి ఆమెను చూశాడు. మింగలేక కక్కలేక ఉన్నాడు పాపం. చివరికి, "నేనెవరి మాట వినాలమ్మా? రేపు నన్నడిగితే ఎవరు చెప్పినారని చెప్పాల?" అన్నాడు.

వెంకటలక్ష్మమ్మ బోర్డు దగ్గర నోరు పెగలక నిలబడిన గంగాదేవి వైపు చూసింది.

"సర్పంచు చెప్పిందని చెప్పు. రేపట్నుంచి తెల్లారుతూనే మొదటి ట్రిప్పు ఊరికి రావాల. మిగిల్తేనే తోటకు. ఇప్పుడు దావ తిప్పు."

ఎర్రన్న బండి స్టార్ట్ చేసి తోట వైపు పోయాడు. తిప్పయ్య గేరు వెనక్కు వేశాడు. ఇంగ్లీషు పీరియడ్ అవుతుండగానే, మగపిల్లల చేతుల్లో ఉన్న బిందెలు నిండసాగాయి. జయంతి బోర్డుకు ఆనుకుని నిలబడింది.

ఆ ఇంట్లో ఆ తర్వాత ఏమయిందో ఊళ్లో తలా ఒక మాట చెప్పుకున్నారు. ఎర్రన్న చాలా రోజులు తోటలోనే పడుకున్నాడు, అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడు. వెంకటలక్ష్మమ్మ మొహం మీద కమిలిన మచ్చ చూశామని కొందరన్నారు. జయంతి పోయి అడిగితే, తలుపు తగిలిందందామె. అంతకంటే చెప్పలేదు. కాని ట్యాంకరు మాత్రం తెల్లారుతూనే ఊళ్లోకి వచ్చేది. ట్రిప్పుల కాగితం మీద సంతకం పెట్టేది ఆమె కదా, మొదటి ట్రిప్పు ఊరికి రాకపోతే వేలు పెట్టి చూపినా పెట్టనందట. నీళ్లు పట్టుకుని, ఇంత తిని, ఆడపిల్లలు గంటకు ముందే బల్లల్లో కూర్చునేవాళ్లు. మొదటి పీరియడ్‌లో తరగతి నిండా పిల్లలను చూసి జయంతికి ఒక్కోసారి పాఠం ఎక్కడ ఆపిందో మరుపొచ్చేది.

చీనీ చెట్లు సంక్రాంతి దాటాక ఆకులు రాల్చడం మొదలుపెట్టాయి. మాఘం వచ్చేసరికి సగం కొమ్మలు ఎండాయి. మిగిలిన నీళ్లు వాటికి చాలలేదు. వెంకటలక్ష్మమ్మ కూలీలను పెట్టి కొట్టించేసింది. ఇంకా ఆకున్న కొమ్మలు మేపుకోమని ఓబుళేసుకు కబురు చేసింది. ఎర్రన్న అడ్డు రాలేదు. అడ్డు పడడానికి ఇక తోట లేదు. గొర్రెలు ఆ ఆకు తిని మాఘం గడిపాయి. గొర్రెలు నిలబడితే ఓబుళేసు నిలబడ్డాడు. గంగాదేవి మళ్లీ యూనిఫాం వేసుకుంది. హాజరు చాలీ చాలనట్టుగా ఉంటే, లక్ష్మీపతి కళ్లద్దాలు తుడుచుకుని తుడుచుకుని చివరికి పరీక్షకు పేరు పంపాడు. కంపకు ఆనించిన బోర్డు దగ్గర పడిన హాజరు కూడా ఆయన లెక్కలో వేసుకున్నాడు. జీవితంలో ఒక్కసారైనా కర్ర విరిగినా పరవాలేదనుకున్నాడు మహానుభావుడు.

జయంతి డిప్యుటేషన్ ఆర్డరు మాత్రం ఆగలేదు. ఫిబ్రవరి చివర వచ్చింది. పిల్లల పరీక్షల దాకానైనా ఉండనివ్వమంటే వినలేదు. ఆఖరి రోజు సాయంత్రం ఆమె మలుపు దగ్గర రాయదుర్గం బస్సు కోసం నిలబడి ఉంటే, వెంకటలక్ష్మమ్మ కొట్టేసిన తోట వైపు నుంచి కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని వచ్చింది. మోపు దించి పక్కన నిలబడింది. తోట కొట్టక ముందు కోసిపెట్టిన చివరి కాయలు, ఇంట్లో వాళ్లకు పెట్టండి అని కొంగులోంచి రెండు చీనీకాయలు తీసి జయంతి చేతిలో పెట్టింది. ఆ చెట్లు పోయాయని బాధగా లేదా అని జయంతి అడగలేక అడిగింది.

ఆమె వేరే మాటెత్తింది.

"ఆ పొద్దు మీ పిల్ల అడిగిన దానికి నేను చెప్పల్యా."

ట్యాంకరు సంగతేమో అనుకుంది జయంతి. ఆ జవాబు ఊరంతా చూసిందే కదమ్మా అంది.

"అది కాదు. మా నందిని ఏం చదివిందని అడిగినారు. ఐదు దాకా చదివింది. తోట పెట్టిన యేడు బోరు పడల్యా. బడి మాన్పించి ఆ చెట్లకు బిందెలతో నీళ్లు మోయించినాము. చెట్టు చెట్టుకూ అదే మోసింది. కాయ బాగా కాసింది."

బస్సు వస్తున్న దుమ్ము కనిపించింది. వెంకటలక్ష్మమ్మ మోపు దగ్గర వంగింది. జయంతి అవతలి కొన పట్టి ఎత్తితే, నెత్తికి సర్దుకుంది.

"గంగాదేవికి జాబు రాసి చెప్పు మేడమ్. ఆడ ఖాళీ వదిలింది కదా, ఇది రాసుకోమను."

జయంతి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. చీనీకాయలు రెండూ ఒళ్లో ఉన్నాయి. మలుపు దాటాక, తోట ఉన్న చోట మొద్దుల మధ్య ఓబుళేసు గొర్రెలు కనిపించాయి. అవి కనుమరుగయ్యే దాకా ఎలాగో ఓర్చుకుంది. ఆ తర్వాత కండక్టరు టికెట్ అడుగుతున్నా వినిపించుకోకుండా ఏడ్చింది.